గ్లాసు ఎటు వెళ్తుందో చూడు

గర్వం పాపమని చిన్నప్పటి నుంచీ ఆదివారం బడిలో చెప్పించుకున్నదాన్ని. వినయం మీద వాక్యాలు కంఠతా పట్టి, గడగడా అప్పజెప్పి, రంగుబొమ్మల కార్డులు బహుమతిగా కూడా తెచ్చుకున్నాను. అయినా చెప్తున్నాను, మా అమ్మ వేసవి ఇంటి విషయంలో నాకు బోలెడంత గర్వం. ఇన్నేళ్ళయినా దాన్ని తగ్గించుకునే ఉద్దేశం నాకు లేదు. వినడానికి ఎవరికైనా కష్టంగా ఉంటే చెవులు మూసుకోవచ్చు.

ఎండాకాలం చల్లగా గడపడానికి ఊటీలోనో మరో కొండ మీదో ఇల్లు కొనుక్కున్నవాళ్ళని చూశాను. దివిసీమలో, అదీ మే నెలలో ఉండటానికి ఇల్లు కొన్నవాళ్ళని మమ్మల్ని తప్ప ఇంకెవర్నీ చూడలేదు. ఈ మాట చెప్తే జనం నవ్వేవాళ్ళు. నవ్వనీ. అది చల్లదనం కోసం కొన్న ఇల్లు కాదు.

నాన్న ఖరగపూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మేం ఉండేది రైల్వే క్వార్టరు. చుట్టూ అందరూ తెలుగువాళ్ళే, కాకపోతే ఎవరిదీ ఆ నేల కాదు. నాన్న రిటైరైన మర్నాడు తాళంచెవి అప్పగించి వెళ్ళిపోవాల్సిందే. రైల్వే పాసు ఉండేది కాబట్టి ఏటా క్రిస్మస్‌కి గుడివాడలో మా మేనత్త ఇంటికి వచ్చేవాళ్ళం. నాన్న కంటే పెద్దది, మిషను బడిలో పంతులమ్మ. మాకు తెలిసిన కృష్ణా జిల్లా అంతా ఆ క్రిస్మస్ జిల్లాయే: తెల్లారి మంచు, పొలాల్లో వరి కుప్పలు, అంచుల దాకా నిండిన కాలవలు. నాన్న కూడా పెళ్ళయిన దగ్గర్నుంచీ తన సొంత జిల్లాని ఆ ఒక్క నెల్లోనే చూశాడు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

అమ్మది దివిసీమలో ఓ పల్లె. మా వైపు పల్లె అంటే ఊరు కాదు. ఊరికి విడిగా, పొలాల వారన మావాళ్ళుండే గుడిసెల వరస. కోతలప్పుడు అమ్మ వాళ్ళమ్మ వెంట పనికి వెళ్ళేది. దాహమేస్తే ఆసామి ఇంటి పెరట్లో నించుని, వంగి, నోటి దగ్గర దోసిలి పట్టాలి. పైనుంచి చెంబుతో పోస్తారు. సగం నోట్లోకి పోతే సగం మోచేతుల మీదుగా జారి రవికంతా తడిసేది. "చలికాలం కూడా తడిగుడ్డలతోనే చేలోకి పోయేదాన్నే," అనేది. ఈ మాట చెప్పేటప్పుడు అమ్మ ఏడవదు. పళ్ళు బిగించి చెప్తుంది.

కాస్త పెద్దయ్యాక బందరులో ఒక మిషను దొరసాని దగ్గర ఆయాగా చేరింది. వేసవి వస్తే దొరలు పెట్టెలు సర్దుకుని దక్షిణాన కొండల మీదికి వెళ్ళిపోయేవారు. పిల్లల్ని చూడటానికి అమ్మ కూడా వెంట వెళ్ళేది. అక్కడ వాళ్ళకో వేసవి ఇల్లు. పొడుగాటి వరండా, అందులో పేము కుర్చీ, సాయంత్రం నాలుగింటికి టీ. దొరసాని కుర్చీలో కూర్చుంటే అమ్మ ట్రే పట్టుకుని పక్కన నించునేది. దొరసాని అమ్మకి చదవడం నేర్పింది, కుట్టు నేర్పింది, పెళ్ళికి తెల్లచీర పెట్టింది. "దేవతలాంటి మనిషి. దేనికీ వంక పెట్టను. నా కప్పు మాత్రం వంటింటి బయట మేక్కి వేలాడేది," అనేది అమ్మ. ఆ మేకు గురించి చెప్పినప్పుడల్లా గోడ వైపు చూసేది, మా క్వార్టరు గోడకి కూడా అది ఉందేమోనని అనుమానం వచ్చినట్టు.

బెజవాడలో కొత్త బారేజీ కట్టిన తరవాతి రోజులవి. నాన్న ఒకరోజు అన్నం తింటూ, మనకంటూ ఓ ఇల్లుండాలి, రిటైరయ్యేదాకా సెలవులకి వాడుకుందాం అన్నాడు. అమ్మ పచ్చడి వడ్డిస్తూ ఆగిపోయింది.

"వేసవి సెలవులకే కావాలి," అంది. "వరండా ఉండాలి. పేము కుర్చీలో నేను కూచోవాలి. నాలుగింటికి టీ మీరు తేవాలి."

"తెస్తాలే. ఇంకేం కావాలి దొరసానిగారికి?"

"మన జిల్లాలోనే ఉండాలి. పల్లెలో కాదు, టౌన్లో, బజారువీధిలో. కొనేముందు మనం ఎవరమో చెప్పాలి. చెప్పాక నేను మంచినీళ్ళడుగుతా. గ్లాసులో ఇవ్వాలి. తాగాక ఆ గ్లాసు ఎటు వెళ్తుందో చూస్తా. బయట బోర్లిస్తే లేచొచ్చేద్దాం. లోపలికెళ్తేనే ఇల్లు."

నాన్న చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "ఇల్లు కొంటన్నావా, గ్లాసు కొంటన్నావా?"

"రెండూ."

"ఆ గ్లాసేదో ఇక్కడ ఎవరైనా ఇస్తారు గదే!"

"ఇక్కడిస్తే ఏం గొప్పండీ? మనమెవరో ఈ ఊళ్ళో ఎవరికి తెలుసు? తెలిసిన చోట ఇవ్వాలి."

నేనప్పుడు టీచరు ట్రైనింగులో ఉన్నాను. ఖరగపూరులో పుట్టినదాన్ని, దోసిలి పట్టి నీళ్ళు తాగింది లేదు. కానీ అమ్మ ఆ మాటన్న తీరుకి చదువుతున్న పుస్తకం మూసేశాను. నాన్న మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. ఆయనకి అంతా తెలుసు. ఆయన మోచేతులు కూడా తడిసినవే.

ఆ క్రిస్మస్‌కి గుడివాడలో దిగాం. సంగతి విని మా మేనత్త పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వితే వీధి చివరికి వినపడేది.

"దొరలు ఎండ తప్పించుకోడానికి కొండెక్కుతారే మరదలా! నువ్వు ఎండలోకి దిగొస్తానంటావేంటి? మేలో ఇక్కడ కాకులు కూడా నోరు తెరుచుకు కూచుంటయ్యి."

"నేను కాకిని కాదులే వదినా," అంది అమ్మ.

మా మేనత్తకి మేం గుడివాడలోనే ఉండాలని. స్టేషను పక్కనే, సినిమా హాళ్ళున్నాయి, కాలికి చెప్పులేసుకుంటే ఏ వస్తువైనా దొరుకుతుంది, అన్నిటికీ మించి ఆవిడుంది. ఆవిడే ఓ ఇల్లు చూపించింది. వడ్ల వ్యాపారం చేసే ఆయనది. మంచి మేడ. నాన్న ప్యాంటూ కోటూ, నా చేతిలో ఇంగ్లీషు పుస్తకం చూసి ఆయన మమ్మల్ని హాల్లో కుర్చీల్లో కూర్చోబెట్టాడు. లోపలికి కేకేసి మంచినీళ్ళు తెమ్మన్నాడు. అమ్మకి అది నచ్చలేదు. మేమెవరమో చెప్పకముందే వస్తున్న నీళ్ళు లెక్కలోకి రావు కదా.

"అయ్యా, ముందు మా సంగతి చెప్పాలండి. మేం పల్లెవాళ్ళం. కిరస్తానం," అంది.

లోపల్నుంచి ఆడమనిషి చేతిలో వస్తున్న గ్లాసు గుమ్మం దాటకుండానే వెనక్కి తిరిగింది. నా కళ్ళతో నేను చూశాను. గాజుల చప్పుడు ముందు దగ్గరైంది, తరవాత దూరమైంది. ఆయన మర్యాదస్తుడే, గొంతు పెంచలేదు. ఇల్లు వేరేవాళ్ళకి మాటిచ్చేశామని, మర్చిపోయి మమ్మల్ని పిలిచానని చెప్పాడు.

నాకసలే ముక్కు మీద కోపం. "మర్చిపోయింది ఇప్పుడు గుర్తొచ్చిందాండీ? మా అమ్మ చెప్పకపోతే రిజిస్ట్రీ అయ్యేదాకా గుర్తొచ్చేది కాదేమో!" అన్నాను. మా మేనత్త నా జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. రోడ్డు మీద కూడా నేను రుసరుసలాడుతూనే ఉన్నాను.

"నిజం చెప్పకపోతే ఏం పోయేదే? మేడ లాంటి మేడ!" అని మా మేనత్త అమ్మని దులిపింది.

"చెప్పకుండా తాగితే ఆ నీళ్ళు నేను తాగినట్టు కాదు వదినా. ఇంకెవరో తాగినట్టు." అంతే, ఇంక ఆ ఊసు ఎత్తలేదు. మా మేనత్త ఆ రాత్రి అమ్మకి ఇష్టమని రొయ్యలు వండింది. అది ఆవిడ క్షమాపణ చెప్పే పద్ధతి.

తరవాత బందరు వెళ్ళాం. బందరంటే నాన్నకి పిచ్చి. గిలకలదిండి రేవులో పడవలు ఒడ్డుకి రాగానే చేపల వేలంపాట జరుగుతుంది, పాటలో పాడి తెచ్చుకున్న చందువా ముక్కల పులుసు ముందు ఏ కొండల చల్లదనమూ పనికిరాదని ఆయన వాదన. అక్కడ మావాళ్ళే, చదువుకున్న క్రైస్తవ కుటుంబం, చర్చి వెనక వీధిలో ఇల్లు అమ్ముతున్నారు. పూల కప్పుల్లో టీ ఇచ్చారు. కేకు పెట్టారు. మాతో పాటు కూర్చుని ప్రార్థన చేశారు. ఇల్లు శుభ్రంగా, వరండాతో సహా అచ్చం అమ్మ చెప్పినట్టే ఉంది. నాన్న మొహం వెలిగిపోయింది. నేనైతే మనసులో పేము కుర్చీ కూడా వేసేశాను.

బయటికి రాగానే అమ్మ "వద్దు" అంది.

నాన్నకి నిజంగానే ఒళ్ళు మండింది. "కప్పులో ఇచ్చారా లేదా? లోపలికెళ్ళిందా లేదా? ఇంకేం కావాలే నీకు?"

"వాళ్ళు మనోళ్ళండీ. ఇవ్వక చస్తారా? ఆ వీధంతా మనోళ్ళే. పుట్టినకాడ్నుంచీ విడిగా పెట్టిన చోటే ఉన్నా. డబ్బులు పోసి మళ్ళీ అక్కడే కూచోమంటారా?"

నాన్న బస్టాండు దాకా మాకంటే ముందు విసవిసా నడిచాడు. బస్సెక్కాక కూడా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. నాకు అమ్మ మీద జాలీ, కోపమూ రెండూ వచ్చాయి. ఇలా అయితే ఇల్లు దొరికేది కాదని నాకు అనిపించింది. సెలవు అయిపోవస్తోంది. ఈసారి దొరక్కపోతే అమ్మ ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తదని కూడా తెలుసు. మా అమ్మ ఏదైనా ఒక్కసారే అడుగుతుంది. ఆ తరవాత దాన్ని లోపల పెట్టుకుని తాళం వేసేస్తుంది.

చల్లపల్లిలో బస్సు మారి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి అవనిగడ్డ చేరాం. దివిసీమలోకి దిగగానే అమ్మ కొంగు భుజం నిండా కప్పుకుంది. తను పుట్టిన పల్లె అక్కడికి నడిచి వెళ్ళేంత దూరమే. చిన్నప్పుడు ఈ బజారులోకి వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని, రోడ్డు వారగా నడిచి వెళ్ళేవాళ్ళట. ఆ రోజు మాత్రం మా అమ్మ చెప్పులు టకటకలాడించుకుంటూ రోడ్డు మధ్యన నడిచింది. ఎడ్లబండివాడు అదిలించినా పక్కకి జరగలేదు. నాన్నే చెయ్యి పట్టుకు లాగాడు.

ఆ ఇల్లు పెడన నుంచి వచ్చి బట్టల కొట్టు పెట్టుకున్న ఒక నేతవారిది. కొట్టు ఎత్తేసి మళ్ళీ పెడన వెళ్ళిపోతున్నారు. పెంకుటిల్లు. ముందు వరండా, మెట్లు, మెట్ల కింద బజారువీధి, వీధికి అవతల కాలవ. కాలవ నిండుగా ఉంది. ఒడ్డున బాతులు, నీళ్ళలోకి దిగే రాతిమెట్లు, మెల్లిగా పోతున్న గడ్డి పడవ. నాన్న అలక అక్కడికక్కడే ఎగిరిపోయింది.

"అబ్బ! ఎండాకాలం ఇక్కడ కుర్చీ వేసుక్కూచుని గాలం వేస్తే చాలదంటే? ఊటీ ఎందుకింక!" అని పొంగిపోయాడు. అమ్మ ఆయన వంక ఓసారి చూసి, ఏదో అనబోయి మానుకుంది.

కొట్టాయన ఊళ్ళో లేడు. ఆయన భార్య ఉంది. భారీ మనిషి, నోట్లో తాంబూలం, గొంతు మా మేనత్తకి తీసిపోదు. ఇల్లంతా తిప్పి చూపించింది. దూలాలు టేకువని, పెరట్లో మామిడి కాపు బాగుంటుందని చెప్పింది. అంతా అయ్యాక వరండాలో నించుని అమ్మ చెప్పింది.

"మేం పల్లెవాళ్ళమండీ. కిరస్తానం. ఈ పక్కనే మా పుట్టిల్లు. మావాళ్ళు మీ కొట్టు ముందు నించుని బట్టలు కొని ఉంటారు. దాహంగా ఉంది, కాసిని మంచినీళ్ళిప్పించండి."

ఆవిడ తాంబూలం నమలడం ఆపింది. మా ముగ్గురినీ తేరిపార చూసింది. లోపలికి వెళ్ళింది. గాజుల చప్పుడు దూరమైంది. నాన్న గోడకి ఆనుకున్నాడు. నేను ప్రార్థన చేసుకున్నాను. ఏం చేసుకున్నానో ఇప్పటికీ గుర్తుంది: ప్రభువా, ఈవిడ చేత గనక చెంబుతో పోయించావంటే నేను నీతో మాట్లాడను.

ఆవిడ బయటికి వచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు ఉంది. అప్పుడు రెండో చెయ్యి కనపడింది. అందులో కంచు గ్లాసు. గుమ్మంలోనే నించుని చెంబులోంచి గ్లాసులోకి వంచి, గ్లాసు అమ్మ చేతికిచ్చింది. అమ్మ తొందరపడలేదు. గ్లాసు కరుచుకుని, మెల్లిగా, చివరి చుక్క దాకా తాగింది. ఒక్క చుక్క కూడా మోచేతి మీదికి జారలేదు. ఆవిడ చెయ్యి చాచి గ్లాసు తీసుకుంది. లోపలికి వెళ్తుంటే అమ్మ గుమ్మంలోంచి మెడ సాచి చూస్తోంది, నేను అమ్మ భుజం మీంచి చూస్తున్నాను. ఆవిడ గ్లాసు తొలిచి, గూట్లో మిగతా గ్లాసుల వరసలో పెట్టేసింది.

మేం అలా గుడ్లప్పగించి చూడటం ఆవిడ కనిపెట్టింది. బయటికొచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది: "ఇల్లే మీ చేతికిచ్చేసి పోతుంటే గ్లాసు కాడ ఆలోచించేదేంటమ్మా? ఇంకాసిని కావాలా?"

"చాలండి," అంది అమ్మ. నాన్న వైపు తిరిగి, "ఇదేనండీ," అంది. ఆ గొంతు నేనంతకు ముందు విననిది. నాన్న కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

ఇక వేసవి వచ్చింది. పెట్టెలు, బెజవాడలో కొన్న పేము కుర్చీ, నాన్న ఖరగపూరు నుంచి జాగ్రత్తగా మోసుకొచ్చిన గాలం, అన్నీ బండి మీద వేసుకుని ఇంటి ముందు దిగాం. నాన్న గాలం పట్టుకుని గబగబా వీధి దాటి వెళ్ళాడు. వెళ్ళి అక్కడే కొయ్యబారిపోయాడు.

కాలవలో నీళ్ళు లేవు. అడుగున మట్టి నెర్రెలిచ్చింది. బాతుల్లేవు, పడవ లేదు. రాతిమెట్లు దిగిన చోట రెండు గేదెలు నీడ లేక నిలబడి మా నాన్న వంక చూస్తున్నాయి. డెల్టాలో ఏ చంటిపిల్లనడిగినా చెప్తుంది, వేసవిలో కాలవలు కట్టేస్తారని. మళ్ళీ నీళ్ళు వదిలేది ఏరువాక ముందే. ఆ నేల మీద పుట్టి, పాతికేళ్ళుగా క్రిస్మస్‌లో తప్ప రాని మా నాన్న ఆ మాటే మర్చిపోయాడు!

గాలంతో తిరిగొచ్చి, "నీకు తెలుసా?" అని అడిగాడు అమ్మని.

"తెలుసు."

"మరి చెప్పలేదేంటే?"

"చెప్తే మీరు కొనేవాళ్ళా?" అంది అమ్మ, పెట్టె తాళం తీస్తూ. నేను పడీపడీ నవ్వాను. మా మేనత్త గుడివాడ నుంచి చూడటానికి వచ్చినప్పుడు ఆ గాలం గోడకి వేలాడుతుంటే, ఆవిడ నవ్వుకి పెంకులు ఎగిరిపోతాయేమో అనుకున్నాం. పాపం నాన్న, ఆ వేసవంతా వచ్చిన ప్రతివాడూ "ఏమండీ, ఏమన్నా పడ్డాయా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఎండ మాత్రం దారుణంగా ఉండేది. బావి నీళ్ళు ఉప్పన. తాగేందుకు మంచినీళ్ళ చెరువు నుంచి కావిడివాడు తెచ్చి పోయాల్సిందే. అయినా అమ్మ నాలుగయ్యేసరికి ఉతికిన చీర కట్టుకుని వరండాలో పేము కుర్చీలో కూర్చునేది. నాన్న మాటిచ్చినట్టే టీ తెచ్చేవాడు. మొదట్లో వీధి వీధంతా ఆగి చూసింది. కొంతమంది అసలు చూడనట్టు మొహం తిప్పుకుని వెళ్ళేవారు, అదీ చూడటమే. ఎదురింటావిడ ఓ నాలుగు రోజులు తలుపు వేసుకుంది. తరవాత గాలాడక తీసేసింది. పక్కింటావిడ మాత్రం మామిడికాయలు కావాలని వచ్చి, అలా అలా రోజూ రావడం మొదలుపెట్టింది. నేను ఆ కుర్చీ వెనక నించుని జనం మొహాలు చూసేదాన్ని. అమ్మో, ఎంత సంతోషంగా ఉండేదో! ఏ మహారాణి వెనక నించున్నా అంత సంతోషం ఉండదు.

కుర్చీ మూణ్ణాళ్ళ ముచ్చట కాకూడదని అమ్మ ఇంకో పని చేసింది. వరండా చివర ఇసక పోసి, దాని మీద కొత్త కుండలు పెట్టించి, తడిగుడ్డలు చుట్టి చలివేంద్రం పెట్టింది. పక్కన కంచు గ్లాసులు. బస్సు దిగినవాళ్ళు, సంతకి వచ్చినవాళ్ళు మెట్లెక్కి తాగిపోయేవారు. మేం ఎవరమో తెలిసి కొందరు మానేశారు. మానేస్తే మానేశారు, వాళ్ళ దాహం వాళ్ళది. పోసే పని నాది. మా గ్లాసులన్నీ లోపల గూట్లో వరసగా ఉండేవి. వచ్చినవాళ్ళు తాగినవీ, మేం తాగినవీ అన్నీ ఒకటే వరస.

ఒకరోజు ఎండ నడినెత్తిన ఉంది. జమ్ము చాపల మోపు నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ వచ్చింది. రోడ్డు మీదే మోపు దించింది. మెట్లెక్కలేదు. మెట్ల కింద ఎండలో నించుని, నడుం వంచి, నోటి దగ్గర దోసిలి పట్టింది.

"అమ్మగోరూ, కాసిని మంచినీళ్ళు పొయ్యండమ్మా."

నేను గ్లాసు నింపి కిందికి దిగి అందించాను. ఆమె తీసుకోలేదు. తల ఎత్తలేదు. దోసిలి అలాగే ఉంది. "ఇందా, గ్లాసు తీసుకో అమ్మమ్మా," అన్నాను. "పొయ్యండమ్మా, పొయ్యండి," అంటుందే గానీ వేళ్ళు విడదీయదు. పొయ్యనా? నా చేత్తో, మా మెట్ల మీద నించుని, ఆమె దోసిట్లోకి పొయ్యనా?

వెనక పేము కుర్చీ కిర్రుమంది. అమ్మ లేచింది. ఆ గొంతు విని గుర్తుపట్టింది. తనని చంకనేసుకుని కోతలకి తీసికెళ్ళిన పెద్దమ్మ. అమ్మ ఇల్లు కొన్నాక పల్లెకి వెళ్ళినప్పుడు ఈమె కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్ళిందని చెప్పారట, కలవలేదు. ఇప్పుడు బజారువీధిలో, పెంకుటింటి మెట్ల కింద, అలవాటు చొప్పున దోసిలి పట్టి నించుంది.

అమ్మ ఉతికిన చీరతో మెట్లు దిగి మట్టిలోకి వెళ్ళింది. ఆమె రెండు మణికట్లూ పట్టుకుని దోసిలి విడదీసింది. నా చేతిలో గ్లాసు లాక్కుని ఆ చేతుల్లో పెట్టింది.

"నేను పెద్దమ్మా. తాగు."

ముసలమ్మ తలెత్తి చూసింది. గుర్తుపట్టింది. పట్టాక కూడా భయంగా ఇంటి వైపు చూసింది. "ఇక్కడ పనికి కుదిరావంటే అమ్మా? ఇంటివాళ్ళు చూస్తారే!" అంది.

"పని కాదు. ఇది మనిల్లు."

"మనిల్లా? బజార్లోనా?"

"బజార్లోనే. తాగు ముందు."

ముసలమ్మ గ్లాసు ఎత్తి, పెదాలకి తగలకుండా పైనుంచి పోసుకోబోయింది. నీళ్ళు గురి తప్పి గడ్డం మీద పడ్డాయి. అమ్మకి కోపం వచ్చింది. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళలో నీళ్ళు, గొంతులో కోపం.

"కరుచుకుని తాగు పెద్దమ్మా! నా ఇంట్లో కూడా ఎత్తి పోసుకుంటావా?"

ముసలమ్మ కరుచుకుంది. గటగటా తాగింది. అమ్మ ఆమెని మెట్లెక్కించి, వద్దు వద్దంటున్నా పేము కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె కుర్చీ అంచునే కూర్చుని, కొంగుతో గ్లాసు గట్టిగా తుడిచి, దాన్ని ఎక్కడ బోర్లించాలా అని వరండా కింద చూస్తోంది. అమ్మ చెయ్యి చాచింది.

"ఇటియ్యి. ఎక్కడ పెడతన్నానో చూడు."

అమ్మ గ్లాసు లోపలికి తీసికెళ్ళింది. ముసలమ్మ కుర్చీలోంచి మెడ సాచింది, కళ్ళు గ్లాసు వెంటే వెళ్ళాయి. అమ్మ తొలిచి, గూట్లో మా గ్లాసుల వరసలో పెట్టి, పక్కకి తప్పుకుంది, కనపడాలని. ముసలమ్మ చాలాసేపు ఆ గూటి వైపే చూసింది. తరవాత వెనక్కి జరిగి కుర్చీ నిండా ఆనుకుని కూర్చుంది.

"అయితే ఇంకో గ్లాసుడు తేవే," అంది. "దాహం తీరలా."